సంఘ పనిలో విసుగు ఎక్కడ పుడుతుంది, కృతజ్ఞత దాన్ని ఎంతవరకు ఆపుతుంది

గుంటూరులో డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండుగకు ముందే జరిపే క్రిస్మస్ వేడుకలు, మొదలవుతాయి. కాలేజీలో ఒకటి, ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకటి, హాస్పిటల్ స్టాఫ్‌ది ఇంకొకటి. ప్రతిచోటా స్టేజీ, కేకు, కొవ్వొత్తులు, పది నిమిషాల వాక్యం. ఆ పది నిమిషాల కోసం పాస్టర్ గారు గంట ముందు వెళ్లాలి, భోజనాలయ్యాక గానీ బయటపడలేరు. రాత్రి తొమ్మిది దాటాక క్యారల్స్ బృందంతో ఇంటింటికీ తిరగాలి. 24 రాత్రి ఆరాధన, 25 పొద్దున ఆరాధన, 31 అర్ధరాత్రి దాకా ఆరాధన, తెల్లారితే ఒకటో తారీఖు, మళ్లీ గుడి గంట. ఈ మధ్యలో ఎవరైనా కన్నుమూస్తే సమాధి కార్యక్రమం సరేసరి.

ఇంత పని ఉన్నా డిసెంబరులో సంఘ సేవకులు, అంటే చర్చి పని చేసేవాళ్లు, విసిగిపోవడం తక్కువే. ఒళ్లు హూనమవుతుంది, గొంతు పోతుంది, ఇంట్లో వాళ్లతో నిలబడి మాట్లాడే తీరిక ఉండదు. అయినా జనవరిలో నాలుగు రాత్రులు కడుపునిండా నిద్రపోతే మనిషి తేరుకుంటాడు. విజయవాడలో గుణదల మాత ఉత్సవాలదీ అదే తీరు. 1924లో కొండ మీద మాత విగ్రహం పెట్టినప్పటి నుంచి మొదలైన ఆ యాత్రకు ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల మంది వస్తారు. క్యూలైన్ల దగ్గర, మంచినీళ్ల దగ్గర, తప్పిపోయిన పిల్లల దగ్గర నిలబడే వాలంటీర్లకు మూడు రోజులు కాళ్లు కాళ్లలా ఉండవు. వచ్చే ఏడు పిలిస్తే మళ్లీ వస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు నడుం లోతు నీళ్లలో అన్నం పొట్లాలు మోసినవాళ్లను ఎవరూ బతిమాలాల్సిన పని రాలేదు. ఆకలి ఎదురుగా ఉంది, పొట్లం చేతిలో ఉంది, అందుకున్న మనిషి మొహం అక్కడికక్కడే కనిపించింది.

విసుగు మొదలయ్యేది పండుగేదీ లేని ఆగస్టులో, మామూలు ఆదివారం నాడు. అరగంట లేటుగా వచ్చే అవే కుటుంబాలు. స్త్రీల సమాజంలో తెగని అదే తగాదా. కిందటేడు చెప్పిన ప్రసంగాన్నే తిప్పి చెబుతున్నానేమో అన్న గుబులు. పని బరువు ఇక్కడ డిసెంబరుతో పోలిస్తే సగం కూడా ఉండదు. కాబట్టి సంఘ సేవలో మనిషి అరిగిపోవడానికి పని గంటలు ఒక్కటే కారణమనుకుంటే లెక్క కుదరదు.

1974లో అమెరికా మనస్తత్వ నిపుణుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఈ పరిస్థితికి బర్నవుట్ అని పేరు పెట్టి రాశాడు. ఆయన దాన్ని గమనించింది జీతానికి పనిచేసే గుమాస్తాల్లో కాదు, న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో ఇష్టపడి సేవ చేస్తున్న వాలంటీర్లలో. తమంతట తాము, ప్రేమతో వచ్చినవాళ్లే ముందు కుప్పకూలారన్నమాట. తర్వాత చాలా ఏళ్లకు, 2019లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఉద్యోగ సంబంధమైన స్థితిగా నిర్వచిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: శక్తి అడుగంటిపోవడం, చేసే పని మీద దూరం, వెటకారం పెరగడం, ఎంత చేసినా ఏమీ సాధించడం లేదనిపించడం. వీటిలో మొదటిది నిద్రతో, సెలవుతో కొంత సర్దుకుంటుంది. ప్రమాదమంతా రెండోదాంట్లో ఉంది.

సంఘంలో ఆ రెండోది ఎలా కనిపిస్తుందంటే, జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాస్పత్రి) వార్డులో రోగి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నప్పుడు నోరు మాటలు పలుకుతుంటుంది, మనసు తర్వాతి ఇంటి అడ్రసు వెతుకుతుంటుంది. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో "అయ్యగారూ, అత్యవసరంగా ప్రార్థన చేయండి" అని ఆడియో వస్తే ముందు జాలి కలగదు, చిరాకు కలుగుతుంది. కమిటీ మీటింగ్ అయ్యాక ఇంటికొచ్చి సంఘస్తుల గురించి వేసే జోకుల్లో పదును పెరుగుతుంది. "ఈ సంఘం మారదు" అనే మాట మొదట బాధగా, తర్వాత అలవాటుగా, చివరికి ఒక రకమైన ఊరటగా వస్తుంది.

ఇదంతా పాస్టర్ ఒక్కరి సమస్య అనుకోకూడదు. సంఘాన్ని నడిపేవాళ్లలో ఎక్కువమంది పేరు ఏ బోర్డు మీదా ఉండదు. పాస్టర్ గారి భార్యకు జీతం ఉండదు, పని మాత్రం ఉంటుంది. వేళకాని వేళ తలుపు తట్టినవాళ్లకు కాఫీ పెట్టాలి, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టాలి, ఆదివారం చీర మీద వచ్చే వ్యాఖ్యానాలు కూడా వినాలి. మే నెల ఎండల్లో వీబీఎస్ (పిల్లల వేసవి బైబిలు బడి) నడిపే టీచర్లు, ఆరాధనకు ముందే వచ్చి జంబుఖానాలు పరిచి, అయ్యాక దులిపి మడతపెట్టేవాళ్లు, మైక్ సెట్టు దగ్గర కూర్చుని ఏ పాటా మనసుపెట్టి పాడుకోలేని కుర్రాడు, అందరూ ఈ లెక్కలోకే వస్తారు. నెల మొదటి ఆదివారం ప్రభు భోజన సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) తర్వాత వందల కొద్దీ చిన్న గ్లాసులు మిగులుతాయి. బొటనవేలంత గ్లాసులు, అడుగున ద్రాక్షరసం ఎండితే మామూలుగా తొలిచినా పోదు, ఒక్కోదాన్నీ వేలుపెట్టి కడగాలి. వాటిని కడిగేది ఎవరో సంఘంలో సగం మందికి తెలియదు.

ఇక్కడ సాధారణంగా వినిపించే సలహా ఒకటుంది: "మనుషుల మెప్పు కోసం చూడకండి, దేవునికి కృతజ్ఞతతో చేయండి." మాట తప్పు కాదు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటున్నారన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది. రెండు నెలలుగా జీతం రాని పాస్టర్‌తో ట్రెజరర్ ఈ మాట అంటే అది ఉపదేశం కాదు, బాకీ ఎగ్గొట్టడం. చంటిపిల్లను చంకనేసుకుని సండే స్కూల్ చెప్పే టీచర్ "ఇంకొకళ్లను తోడివ్వండి" అని అడిగినప్పుడు "సేవ చేసే భాగ్యం ఎంతమందికి దొరుకుతుందమ్మా" అనడం నోరు మూయించడం. కృతజ్ఞత పేరుతో సంఘాల్లో జరిగే అన్యాయం కొంత ఉంది. దాన్ని పక్కనపెట్టి ఈ విషయం మాట్లాడటం కష్టం.

లేఖనాల్లో అలసిన సేవకుడికి దొరికిన మొదటి జవాబు ఉపదేశం కాదన్నది గుర్తుంచుకోవాలి. ప్రవక్త ఏలీయా కర్మెలు కొండ మీద అంత విజయం చూసిన వెంటనే బదరీ చెట్టు కింద కూలబడి ప్రాణం తీసెయ్యమని అడిగాడు. దేవదూత వచ్చి కృతజ్ఞత గురించి పాఠం చెప్పలేదు. రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. మాట్లాడటం, సంగతేమిటని అడగడం, కొత్త పని అప్పగించడం అన్నీ ఆ తర్వాత. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీరుస్తుంటే చూసిన యిత్రో, నువ్వూ నలిగిపోతావు, నీతో ఉన్న ఈ జనమూ నలిగిపోతారని చెప్పి పనిని వేలమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో పెద్ద చొప్పున పంచమన్నాడు. అల్లుడితో ఆ మాట మామగారు కాబట్టి అనగలిగారు, మన కమిటీల్లో అలా చెప్పేవాళ్లు ఎవరు? అన్నం, నిద్ర, పని పంపకం ఇవి తీర్చాల్సిన చోట కృతజ్ఞతను పెట్టి సరిపెడితే కృతజ్ఞతే చెడిపోతుంది.

మరి అవన్నీ సమకూరినా విసుగు ఎందుకొస్తుంది? జీతం వేళకు వచ్చి, క్వార్టర్స్ ఉండి, సహాయకుడు ఉన్నచోట కూడా మనుషులు ఎండిపోతూనే ఉంటారు. తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకును చూస్తే దీనికి కొంత జవాబు దొరుకుతుంది. అతను పొలం నుంచి వస్తున్నాడు, అంటే ఆ రోజు కూడా పనిచేశాడు. ఇల్లు విడిచిపోయిన తమ్ముడు తిరిగొచ్చినందుకు ఇంట్లో పాట, నాట్యం వినిపించాయి. లోపలికి రాలేదు. తండ్రి బయటికొచ్చి బతిమాలితే అతను అన్న మొదటి మాట, ఇన్నేళ్లుగా నీకు సేవ చేస్తున్నానని. రెండో మాట, నాకు ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదని. అతని పని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. బద్ధకస్తుడు కాదు, దొంగ కాదు. ఇంట్లోనే ఉంటూ కూలివాడిలా లెక్క రాసుకున్నాడు, అంతే. తండ్రి, నాదంతా నీదే కదా అంటే ఆ మాట అతనికి కొత్తగా వినిపించి ఉంటుంది.

సంఘ పనిలో విసుగుకు విత్తనం ఈ లెక్క దగ్గరే పడుతుంది. ఎన్నేళ్లు చేశాను, ఎన్ని కుటుంబాలను నిలబెట్టాను, ఎవరి పెళ్లి కుదిర్చాను, ఎవరికి రక్తం దొరికేదాకా రాత్రంతా ఆస్పత్రిలో నిలబడ్డాను, వాళ్లలో ఎంతమంది ఇప్పుడు పలకరిస్తున్నారు? ఇలాంటి లెక్కలో జమ ఎప్పటికీ ఖర్చును అందుకోదు. యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో వెనక్కి వచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడు, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. ప్రభువుకే పదికి ఒకటి వస్తే పాస్టర్లకు అంతకన్నా ఎక్కువ రావాలని ఆశపడటం కొంచెం అతిగానే ఉంటుంది.

మన సంఘాల్లో ఈ లెక్కను పెంచే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. కొత్త గుడి కడితే శిలాఫలకం మీద పేర్ల వరస గురించి ఆరు నెలలు మాటలు నడుస్తాయి. వార్షికోత్సవంలో శాలువాలు కప్పుతారు, బయట నుంచి వచ్చిన ప్రసంగీకుడికి ఒకటి, ఆ ఊరి పెద్దమనిషికి ఒకటి, చందా ఎక్కువ ఇచ్చినవాళ్లకు తలా ఒకటి. గ్లాసులు కడిగే ఆవిడ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడుతుంది. శాలువా తప్పేమీ కాదు, కప్పించుకున్నవాళ్లకు ఆ సాయంత్రం ఒంట్లో కాస్త సత్తువ వస్తుంది కూడా. ఆ సత్తువ మీదే బతకడం అలవాటైతే వచ్చే ఏడు శాలువా రాని రోజున కాళ్లు ఆడవు. పాస్టర్స్ ఫెలోషిప్‌లో కలిసినప్పుడు మొదటి ప్రశ్న "మీకు ఎంతమంది వస్తున్నారు?" అనే ఉంటుంది. మంచి నెలల్లో ఆ ప్రశ్న ఉత్సాహం, చెడ్డ నెలల్లో అదే టెన్షన్.

పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఈ విషయంలో చాలా పనికొస్తుంది, ఎందుకంటే అందులో ఆయన దేన్నీ దాచలేదు. ఆసియాలో (అప్పట్లో ఇప్పటి టర్కీలోని ఒక ప్రాంతం పేరు) బతుకు మీద ఆశ వదులుకున్నంత బరువు మీద పడిందని మొదటి అధ్యాయంలోనే రాశాడు. దెబ్బలు, ఓడ బద్దలవడం, ఆకలి, నిద్రలేని రాత్రులు లెక్కపెట్టి, చివర్లో వీటన్నిటితో పాటు సంఘాలన్నిటి గురించిన చింత ప్రతిరోజూ ఉందన్నాడు. రాళ్లదెబ్బల వరసలో సంఘ చింతను కూడా పెట్టినవాడు మనల్ని అర్థం చేసుకోగలడు. ఆ పత్రికలోనే నాలుగో అధ్యాయం మొదట్లో, కరుణ పొంది ఈ పరిచర్యను అందుకున్నాం కాబట్టి అధైర్యపడం అన్నాడు. పరిచర్య తన త్యాగమని ఆయన అనలేదు. తనకు అందిన దయ అన్నాడు. ఒకప్పుడు సంఘాన్ని హింసించినవాడు, పని దొరకడమే ఎక్కువ. ఈ పనికి నన్ను నియమించినందుకు కృతజ్ఞుణ్ణని తిమోతికి రాసినప్పుడు కూడా వెంటనే తన పాత బతుకునే తలుచుకున్నాడు.

పని నాది, నేను దేవుడికి ఇస్తున్నాను అనుకుంటే ఉపయోగం లేని ప్రతి రోజూ నష్టంగా మిగులుతుంది. పని ఆయనది, నా చేతికి అందింది అనుకుంటే ఆగస్టు ఆదివారం కూడా ఒక కానుకగానే ఉంటుంది, చిన్నదే కావచ్చు. బయటికి చూస్తే రెండు రకాల మనుషులూ ఒకేలా కనిపిస్తారు, కొన్నేళ్ల దాకా ఒకే గంటలు పనిచేస్తారు కూడా. తేడా తెలిసేది పని వదలాల్సి వచ్చినప్పుడు.

సండే స్కూల్ బీరువా తాళాన్ని చూడండి. లోపల ఉండేవి పాత ఫ్లానెల్ బొమ్మలు, అరిగిన క్రేయాన్లు, కిందటేటి క్రిస్మస్ నాటకంలో జ్ఞానుల కిరీటాలు, అట్ట చివర చినిగిన హాజరు పుస్తకం. ఇరవై ఏళ్లుగా ఆ తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది. వాళ్లు ఊరెళ్తే ఆ వారం పిల్లలకు పాటలే గతి. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి నేర్పుతానని ముందుకొస్తే "నీకేం తెలుసమ్మా ఇంకా" అని ఆపుతారు, అదే నెలలో "ఒక్కళ్లూ సహాయం చేయరు" అని కమిటీలో బాధపడతారు. రెండూ నిజమైన బాధలే. ఇన్నేళ్లు పిల్లలతో గడిపే అవకాశం దొరికిందని లోపల నిజంగా అనిపించినవాళ్లే తాళాన్ని ఆ అమ్మాయి చేతిలో పెట్టి, ఆమె చేసే తప్పులు చూసి ఊరుకోగలరు. తమ కష్టంతోనే అది నిలబడిందనుకున్నవాళ్లు వదలలేరు, వదలకపోతే విశ్రాంతి ఉండదు. విశ్రాంతి లేకపోతే విసుగు ఎటూ వస్తుంది. కృతజ్ఞత అలసటను మరిపించే మందు అనుకునేకంటే, చేతిలో పట్టును కొంచెం సడలించే గుణం అనుకుంటే దాని ఉపయోగం బాగా కనిపిస్తుంది.

గుంటూరు క్రైస్తవ చరిత్రలోనే దీనికి ఒక మనిషి కనిపిస్తాడు. జర్మనీలో పుట్టి అమెరికాలో పాస్టర్ అయిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటికే ఆయనకు 49 ఏళ్లు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం తన చరిత్రను ఆ రోజు నుంచే లెక్కపెడుతుంది, సంఘంగా ఏర్పడింది మాత్రం 1927లో. హేయర్ ఇక్కడే అతుక్కుని ఉండిపోలేదు. 1845లో వెళ్లిపోయాడు, కొద్ది కాలానికి మళ్లీ వచ్చాడు, 1857లో పనిని ఇతరులకు అప్పగించి వెళ్లి అమెరికాలో మిన్నెసోటాలో కొత్త సంఘాలు కట్టాడు. అక్కడి అంతర్యుద్ధం తర్వాత పంపడానికి మనుషులు లేక రాజమండ్రి మిషన్‌ను వేరే మిషన్‌కు ఇచ్చేద్దామనుకుంటున్నారని తెలిసి, 76వ ఏట మూడోసారి ఓడెక్కి 1869లో వచ్చాడు. నిలబెట్టి, కొత్తవాళ్లకు అప్పజెప్పి, 1871లో మళ్లీ వెళ్లిపోయాడు. వెళ్లడం, రావడం రెండూ తెలిసిన మనిషి. ఆయన జీవితం గురించి మన సభల్లో ఆ వయసులో వచ్చిన సాహసమే చెబుతారు. పని వదిలి వెళ్లగలగడం కూడా అంత పెద్ద సంగతేనని ఎందుకో ఎవరూ చెప్పరు.

డాక్టర్ అన్నా సారా కుగ్లర్ కథ మరోలా ఉంటుంది. ఆమె 1883లో గుంటూరు వచ్చేనాటికే వైద్యురాలు. అయినా మిషన్ మొదట అప్పగించింది బడుల పని, జనానా ఇళ్లలో, అంటే ఘోషా పాటించే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, బోధన. వైద్య సేవకురాలిగా నియామకం రెండేళ్ల తర్వాత గానీ రాలేదు. ఈలోగా తలుపు తట్టిన రోగులకు మందు ఇస్తూనే ఉన్నారు. ఆస్పత్రి తెరిచింది 1898లో, అంటే వచ్చిన పదిహేనేళ్లకు. 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఇప్పుడు కుగ్లర్ ఆస్పత్రి అని పేరు చెబితే ఆటోవాడు దించేస్తాడు. ఆ పదిహేనేళ్లు ఎలా గడిచి ఉంటాయో ఊహించాలి. తనకు తెలిసిన విద్య ఒకటి, చేతికిచ్చిన పని ఒకటి.

ఇలాంటి పెద్ద పేర్ల దగ్గర ఒక జాగ్రత్త అవసరం. విదేశాల నుంచి వచ్చినవాళ్లకు కొన్నేళ్లకోసారి స్వదేశం వెళ్లి విశ్రాంతి తీసుకునే ఏర్పాటు ఉండేది. వాళ్లతో పాటు పల్లెపల్లెకూ నడిచిన బైబిలు స్త్రీలకు (ఇంటింటికీ వెళ్లి బైబిలు బోధించిన స్థానిక మహిళలకు), దళితవాడల్లో బడి నడుపుతూ ఆదివారం ఆరాధన కూడా చేసిన ఉపాధ్యాయులకు అలాంటి సెలవు లేదు. తెల్లారితే వాళ్లకే అవమానాలు, వాళ్లకే చిన్న జీతాలు, నివేదికల్లో చాలామందికి పేర్లు కూడా లేవు. పౌలు రోమీయులకు రాస్తూ చివరి అధ్యాయం దాదాపు అంతా పేర్లతో నింపాడు. త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు, ప్రభువు పనిలో కష్టపడినవాళ్లని ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. సంఘం తన తరఫున చేయాల్సిన కృతజ్ఞత అంటే ఇదే, మనిషిని పేరుపెట్టి, చేసిన పని ఏదో చెప్పి తలుచుకోవడం. అది సేవకుడి లెక్కను పెంచుతుందన్న భయం అక్కర్లేదు. లెక్కలు రాసుకునేది ఎక్కువగా ఎవరూ గుర్తించనివాళ్లే.

సేవకుడి వైపు నుంచి చూస్తే కృతజ్ఞతను అలవాటు చేసుకోవడానికి కొత్తగా ఏదో కనిపెట్టక్కర్లేదు, సామగ్రి ఆదివారం ఆదివారం బల్ల మీదకే వస్తుంది. కృతజ్ఞతార్పణ కవర్లు, చీటీలు. పిల్లల నోటుబుక్కులోంచి చింపిన గీతల కాగితం, అందులో మడిచిన వంద రూపాయల నోటు. రాయడం రాని అమ్మమ్మ తరఫున మనవడు రాసిన వంకర అక్షరాలు: కంటి ఆపరేషన్ బాగా జరిగినందుకు. బైక్ మీద నుంచి పడినా తలకు దెబ్బ తగలనందుకు. పెళ్లిరోజుకు. మిర్చికి రేటు వచ్చినందుకు. మామూలుగా ఇవి ఆరాధనలో గబగబా చదివేస్తారు, ఎందుకంటే ప్రసంగం ఇంకా ఉంది, వెనక వంట ఆరిపోతోంది. సోమవారం పొద్దున వాటిని మళ్లీ తీసి నెమ్మదిగా చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. ఆ కంటి ఆపరేషన్‌కు ముందు రోజు ప్రార్థన చేసింది తనే. అప్పుడు అది ఆ రోజు తిరిగిన ఆరో ఇల్లు, ఒళ్లంతా నొప్పులు, త్వరగా ముగించిన ప్రార్థన. ఆ ప్రార్థన ఎలా ఉన్నా అక్కడ జరగాల్సింది జరిగింది. తన శక్తితో నడవని పనిలో తనకు చోటు దొరికిందని చెప్పే సాక్ష్యం ఇంతకన్నా ఏముంటుంది?

2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కల్లో అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి సంగతినే పరీక్షించి చూశారు. కొందరిని వారానికోసారి తాము కృతజ్ఞులైన విషయాలు ఐదు దాకా రాయమన్నారు, కొందరిని చిరాకులు రాయమన్నారు. మొదటి గుంపువాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా అనుకున్నట్టు తేలింది. ఫలితం బాగానే ఉంది గాని అందులో పాల్గొన్నవాళ్లు కాలేజీ విద్యార్థులు. రోజుకు నాలుగు ఇళ్లు, ఒక ఆస్పత్రి, ఒక కమిటీ ఉన్న మనిషికి అదే మోతాదు సరిపోతుందని ఎవరూ అనలేదు.

ఇంకో చిక్కు, ఒకే రోజులో మనసును ఎన్నిసార్లు మార్చుకోవాలన్నది. పొద్దున సమాధుల తోటలో ఇరవై ఏళ్ల కుర్రాడిని మట్టిలో పెట్టి, తల్లిని పట్టుకుని నిలబడి, మధ్యాహ్నం స్నానం చేసి, సాయంత్రం పెళ్లి మండపంలో నవ్వుతూ దీవెన చెప్పాలి. పెళ్లివాళ్లకు ఆ రోజు వాళ్ల జీవితంలో ఒక్కటే, కాబట్టి మొహంలో పొద్దుటి ఛాయ కనిపించకూడదు. ఇలా ఏడాదికి ఎన్నో రోజులు. ఏడవాల్సిన ఏడుపు ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంటుంది. దాన్ని కృతజ్ఞతా స్తుతితో కప్పేస్తే అది పోదు, కొన్నాళ్లకు మొద్దుబారడంగా బయటికొస్తుంది. యిర్మీయా ఇరవయ్యో అధ్యాయం చూస్తే, దేవుడు తనను మోసపుచ్చాడని మొరపెట్టుకుంటాడు, ఆ వెంటనే యెహోవాను స్తుతించమంటాడు, ఆ తర్వాతి వచనంలోనే తాను పుట్టిన దినాన్ని శపించుకుంటాడు. స్తుతి మధ్యలో ఉంది, రెండు పక్కలా ఏడుపు ఉంది. మన సాక్ష్యాల్లో అలా ఉండదు, కష్టం ముందు, విజయం చివర. పాస్టర్ సాక్ష్యమైతే మరీను. సంఘస్తుడు తన అలసట పాస్టర్‌తో చెప్పుకుంటాడు, పాస్టర్ ఎవరితో చెప్పుకోవాలి? సంఘంలో చెబితే మాట బయటికి పోతుంది, ఫెలోషిప్‌లో చెబితే చులకనవుతుంది, ఇంట్లో చెబితే అక్కడ అంతకంటే అలసిన మనిషి ఉంది. ఊరు బయట, వేరే శాఖకు చెందిన ఒక పెద్ద సేవకుడు నెలకోసారి వినడానికి దొరికినా చాలా బరువు దిగుతుంది. వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సినంత దాకా వస్తే వెళ్లడమే మేలు, దాన్ని విశ్వాసం తక్కువగా చూసే అలవాటు మానుకోవాలి.

విశ్రాంతి సంగతిలో సువార్త కూడా గొప్పలు చెప్పదు. శిష్యులకు తినడానికి కూడా తీరిక లేకపోతే యేసు వాళ్లను పక్కకు రమ్మని, కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు. దోనె ఎక్కి వెళ్లారు. జనం ఒడ్డు వెంట పరుగెత్తి వాళ్లకన్నా ముందే చేరారు. ఆ రోజు అందరికీ అన్నం పెట్టి పంపాల్సి వచ్చింది, విశ్రాంతి దొరకలేదు. విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఉన్న పాస్టర్ సోమవారం సెలవు కూడా అలాగే పోతుంది. ఫోన్ మోగుతుంది, మోగినప్పుడు కొన్నిసార్లు వెళ్లక తప్పదు. సెలవు పోయిందన్నది అరుదుగా జరిగితే అది సేవ, ప్రతి వారం జరిగితే అది సంఘం చేసుకున్న ఏర్పాటు.

ఏర్పాటు మార్చడం కమిటీ చేతిలో పని. మేలో వీబీఎస్ ముగిశాక పది రోజులు పాస్టర్ కుటుంబం ఊళ్లో ఉండదని ఏప్రిల్ మీటింగులోనే తీర్మానం రాయాలి. మధ్యలో వచ్చే ఆదివారం వాక్యం చెప్పడానికి ఎవరు వస్తారు, వాళ్లకు దారి ఖర్చులు ఏ పద్దులోంచి ఇస్తారు, ఎవరైనా చనిపోతే ముందుగా ఏ పెద్దకు ఫోన్ చేయాలి, ఆస్పత్రిలో ఉన్నవాళ్లను ఎవరు చూసి రావాలి, ఇవన్నీ పేర్లతో సహా మినిట్స్ పుస్తకంలో ఉండాలి. ఆ పేర్లు నోటీసు బోర్డు మీద కూడా పెడితే రాత్రి పదకొండింటి ఆడియోలు వాళ్లకే వెళ్తాయి. ప్రభు భోజనం గ్లాసులు కడగడానికి వంతులు కూడా అదే మీటింగులో వేసుకోవచ్చు, పెద్దల పేర్లతో మొదలుపెట్టి.